కుషిరోలో కిక్కిస

రైలు దిగి స్టేషన్ బయటికి రాగానే మొట్టమొదట తగిలింది వాసన. ఉప్పుగాలి, ఎక్కడో కాలుస్తున్న చేప, వాటి వెనకాల ఇంకేదో, నీళ్ళలో నానిన గడ్డి కుళ్ళితే వచ్చే తీపి కలిసిన వాసన. అది నాకు బాగా తెలిసిన వాసనే. ఎక్కడ తెలుసో మాత్రం వెంటనే అందలేదు. బ్యాగు లాక్కుంటూ నది వైపు నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన. గుర్తొచ్చేసరికి మూడు రోజులు పట్టింది.

ఊరి పేరు కుషిరో. జపాన్‌కి ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో, తూర్పు వైపున, పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది. నేను తొమ్మిదేళ్ళుగా టోక్యోలో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో ఉంటున్నాను. అక్కడ జూలై వచ్చిందంటే మన రోహిణి కార్తె ఎండలు గుర్తొస్తాయి, పైగా ఉక్క. రెండు వారాలు ఎక్కడినుంచైనా పని చేసుకోవచ్చని ఆఫీసులో ఒప్పుకున్నారు కాబట్టి, 2025 జూలై మొదట్లో పన్నెండు రోజులు కుషిరోలో ఉండి వచ్చాను. హొక్కైదో అనగానే అందరూ సప్పోరో అంటారు, ఫురానో లావెండర్ తోటలు అంటారు. నేను కుషిరో అంటే మా టీమ్‌లో జపాన్ వాళ్ళే "అక్కడ పొగమంచు తప్ప ఏముంది?" అని అడిగారు. నాకు కావాల్సింది ఆ పొగమంచూ, ఆ ఊరి వెనకాల ఉన్న చిత్తడి నేలా. వేరే ఏమీ చూడకపోయినా ఫర్వాలేదనుకునే బయల్దేరాను.

టోక్యో నుంచి కుషిరోకి నేరుగా విమానాలు ఉన్నాయి, గంటన్నర ప్రయాణం. నేను సప్పోరో దగ్గరున్న చితోసె ఎయిర్‌పోర్టులో దిగి అక్కణ్ణుంచి "ఒజొరా" అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఒజొరా అంటే పెద్ద ఆకాశం. సప్పోరో నుంచి కుషిరోకి దాదాపు 350 కిలోమీటర్లు, నాలుగు గంటల పైనే పడుతుంది. మన కళ్ళకి 350 కిలోమీటర్లకి నాలుగు గంటలు అంటే వేగమే కానీ, షింకాన్‌సెన్ బుల్లెట్ రైళ్ళకి అలవాటు పడ్డవాళ్ళు దీన్ని నెమ్మది బండి అంటారు. కొండలు దాటాక బంగాళదుంప పొలాలు, పచ్చిక బయళ్ళు, ఆవులు. చివర్లో రైలు సముద్రం పక్కనే వెళ్తుంది. అక్కడే పొగమంచు మొదలైంది. కిటికీ అవతల సముద్రం కనిపిస్తూ కనిపిస్తూ, ఒక్కసారిగా తెల్లటి దుప్పటి కప్పేసినట్టు మాయమైపోయింది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ళు లేచి, సామాన్లు దించుకుని, జిప్పున్న జాకెట్లు తొడుక్కున్నారు. నేనూ తొడుక్కున్నాను.

ఈ పొగమంచు ఎందుకొస్తుందంటే, వేసవిలో దక్షిణం నుంచి వెచ్చటి తేమ గాలి వస్తుంది. ఈ తీరం పక్కనుంచి ఉత్తరాది చల్లటి సముద్ర ప్రవాహం పోతుంటుంది, పేరు ఒయాషియో. వెచ్చటి గాలి ఆ చల్లటి నీళ్ళ మీదికి రాగానే అందులోని తేమంతా సన్నటి నీటి బిందువులైపోతుంది. మనకి పొగమంచు అంటే సంక్రాంతి ముందు తెల్లవారుజామున పొలాల మీద ఉండేది, పొద్దెక్కితే పోయేది. ఇక్కడిది జూన్, జూలైలలో, పట్టపగలు, సముద్రం మీంచి నడుచుకుంటూ ఊళ్ళోకి వస్తుంది. దానిలో ఒక రకాన్ని ఇక్కడివాళ్ళు "జిరి" అంటారు. చూస్తే మంచు, నడిస్తే వాన. గొడుగు వేసుకుంటే ఉపయోగం లేదు, పక్కల నుంచి తడుస్తాం. పది నిమిషాలు నడిచేసరికి కనురెప్పల మీద నీళ్ళు నిలబడ్డాయి.

పగలు 20 డిగ్రీలు, రాత్రి 15. చాలా ఇళ్ళలో ఏసీలు ఉండవు. ఈ చల్లదనం కోసమే కొందరు ఎండాకాలం ఇక్కడికొచ్చి నెలా రెండు నెలలు అద్దెకి ఉంటారట, వాళ్ళలో రిటైరైనవాళ్ళు ఎక్కువ. నేనున్నది ఒక చిన్న పాతకాలపు సత్రం. నడిపేది డెబ్భై ఏళ్ళు దాటిన ఒక ఆవిడ. అలాంటి చోట యజమానురాలిని ఒకామిసాన్ అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. గదిలో చాపల మీద పరుపు, కిటికీలోంచి ఒక గోడ, గోడ మీద ఒక సీగల్. మొదటిరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చి, కర్టెన్ చుట్టూ వెలుగు చూసి, లేటయిపోయింది మీటింగ్ పోయింది అని టెన్షన్‌తో ఫోన్ చూస్తే నాలుగు కూడా కాలేదు. జపాన్‌లో తూర్పు కొస కదా, జూలైలో సూర్యుడు నాలుగు లోపే వచ్చేస్తాడు. తర్వాత నుంచి ఆ వేళకే లేచి నది ఒడ్డుకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

ఊరు నిశ్శబ్దం. ఆ మాట వాడటానికి ఆలోచించాను, ఎందుకంటే ఈ నిశ్శబ్దంలో కొంత బాధ ఉంది. స్టేషన్ నుంచి నది దాకా వెళ్ళే పెద్ద వీధి పేరు కితా ఒదొరి. నాలుగు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు, రెండు వైపులా పెద్ద పెద్ద భవనాలు, వాటిలో సగానికి షట్టర్లు దించి ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి ఆ వీధిలో నేనొక్కణ్ణే నడిచిన రోజులున్నాయి. ఒకప్పుడు ఈ ఊరికి మూడు బతుకులుండేవి: చేపలు, బొగ్గు, కాగితం. 1979 నుంచి 1991 దాకా వరసగా 13 ఏళ్ళు, జపాన్‌లో అన్నిటికంటే ఎక్కువ చేపలు దిగిన రేవు ఇదే. అందులో ఎక్కువ భాగం సార్డిన్లు, మన కవళ్ళ జాతి చేప. తర్వాత ఆ చేప సముద్రంలోనే కనపడకుండా పోయింది. సముద్రం అడుగున తవ్విన పెద్ద బొగ్గు గని 2002లో మూతబడింది. కాగితం మిల్లు కూడా ఈ మధ్యే కాగితం తయారీ ఆపేసింది. రెండు లక్షలు దాటిన జనాభా ఇప్పుడు లక్షా అరవై వేల లోపుకి వచ్చింది. ఒకామిసాన్ చిన్నప్పుడు ఈ వీధిలో శనివారం సాయంత్రం అమ్మ చెయ్యి వదిలితే తప్పిపోయేవాళ్ళమని చెప్పింది. ఆ మాట చెప్తూ తలుపు తీసి వీధి చూపించింది. మంచులో ఒక ట్రాఫిక్ లైటు, ఎవరూ లేని రోడ్డుకి, ఎరుపు నుంచి పచ్చకి మారింది.

తిండి గురించి చెప్పకపోతే తప్పు. స్టేషన్ దగ్గరే వాషో మార్కెట్ ఉంది, 1954 నుంచీ ఉన్న చేపల బజారు. అక్కడ "కత్తెదొన్" అని ఒక పద్ధతి. ముందు ఒక కొట్లో గిన్నెడు అన్నం కొనుక్కోవాలి, చిన్నదో పెద్దదో మన ఆకలిని బట్టి. ఆ గిన్నె చేత్తో పట్టుకుని చేపల కొట్ల మధ్య తిరుగుతూ ఈ ముక్క రెండు, ఆ ముక్క ఒకటి, ఒక చెంచా సాల్మన్ గుడ్లు, అని మనకి కావాల్సినవి అన్నం మీద వేయించుకోవడమే. ప్రతి ముక్కకీ ధర రాసి ఉంటుంది. నా గిన్నె దాదాపు రెండు వేల యెన్‌లు అయింది. పచ్చి చేప తినడం నేర్చుకోవడానికి నాకు జపాన్‌లో మూడేళ్ళు పట్టింది, కొత్తగా వచ్చినవాళ్ళకి బలవంతం చెయ్యను. కానీ ఆ సాల్మన్ ముక్క నోట్లో వేసుకుంటే, మా నాన్న వరద రోజుల్లో గోదారి నుంచి పులస తెచ్చినప్పుడు ఇంట్లో నిలబడే ఆ గౌరవం గుర్తొచ్చింది. రెండూ ఒకలాంటి చేపలే, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదేవి.

పచ్చివి వద్దనుకునేవాళ్ళకి నది ఒడ్డున కాల్చుకు తినే చోటు ఉంది. మే నుంచి అక్టోబర్ దాకా పెడతారు. టికెట్లు కొనుక్కుని, వాటితో చేపలు, పీతలు, ఆల్చిప్పలు, స్క్విడ్ తీసుకుని, మన బల్ల మీదున్న బొగ్గుల కుంపటి మీద మనమే కాల్చుకోవాలి. నేను హొక్కె అనే చేపని అటూ ఇటూ తిప్పుతుంటే పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి, నా చేతిలో పటకారు తీసుకుని, చేపని చర్మం పైకి ఉండేలా పెట్టి, చేత్తో "ఆగు" అని సైగ చేసి వెళ్ళిపోయాడు. మాటల్లేవు. ఐదు నిమిషాలకి మళ్ళీ వచ్చి ఒక్కసారి తిప్పి, తల ఊపి పోయాడు. ఎముక దానంతటదే విడిపోయింది. అంత కమ్మటి చేప నేను హోటల్లో తినలేదు.

ఇక చిత్తడి నేల. కుషిరో షిత్సుగెన్ అంటారు. జపాన్‌లో అన్నిటికంటే పెద్దది. ఊరికి ఉత్తరం వైపు గోడలా మొదలవుతుంది, ఇళ్ళు అయిపోయిన చోట గడ్డి మొదలు. ఆరు వేల ఏళ్ళ క్రితం అక్కడ సముద్రం ఉండేది. సముద్రం వెనక్కి తగ్గాక నీళ్ళు నిలిచి, అందులో గడ్డి పెరిగి, చచ్చి, చలికి పూర్తిగా కుళ్ళకుండా పొర మీద పొరగా పేరుకుంది. ఆ పేరుకున్న గడ్డినే పీట్ అంటారు. ఏడాదికి మహా అయితే ఒక మిల్లీమీటరు. మూడు మీటర్ల పీట్ మీద నిలబడ్డామంటే మూడు వేల ఏళ్ళ గడ్డి మీద నిలబడ్డట్టు.

మొదట పర్యాటకులందరూ చేసినట్టే నేనూ పైనుంచి చూశాను. స్టేషన్ నుంచి సెన్మో లైన్ మీద ఒక పెట్టె డీజిల్ రైలు ఎక్కి కుషిరో షిత్సుగెన్ అనే చిన్న స్టేషన్‌లో దిగితే, పది నిమిషాలు మెట్లెక్కి హొసొఒకా అనే వ్యూ పాయింటుకి చేరతాం. అంత పచ్చదనం మధ్యలో కుషిరో నది పాములా మెలికలు తిరుగుతూ ఉంటుంది. పోస్టుకార్డుల మీద ఉండే బొమ్మ అదే. బాగుంది. కానీ ఏదో దూరంగా ఉంది, అద్దం అవతల ఉన్నట్టు. ఫోటోలు తీసుకుని దిగేసరికి తిరుగు రైలు వెళ్ళిపోయింది. తర్వాతది రెండు గంటలకి. ఆ స్టేషన్‌లో మనుషులెవరూ ఉండరు, దుంగలతో కట్టిన ఒక గది, ఒక బెంచీ. మొదటి అరగంట చిరాకు పడ్డాను. తర్వాత ఒక జింక వచ్చింది, ఇక్కడి ఎజో జింక, మన దుప్పి కంటే పెద్దది. పట్టాల మధ్య నిలబడి గడ్డి తింటూ, మధ్యమధ్యలో తలెత్తి నన్ను చూస్తూ, మళ్ళీ తింటూ. ఆ నమిలే చప్పుడు నాకు వినపడింది. ఇరవై అడుగుల దూరంలో ఒక జంతువు గడ్డి నమిలే చప్పుడు వినపడాలంటే చుట్టూ ఎంత నిశ్శబ్దం ఉండాలో ఆలోచించండి. ఇక్కడ రెండు రోజుల్లో చూసి వెళ్ళిపోయేవాళ్ళకి ఈ చప్పుడు దొరకదు, అందుకే ఎవరైనా అడిగితే కనీసం వారం ఉండమని చెప్తున్నాను.

మూడో రోజు బస్సెక్కి ఒన్నెనాయ్ వెళ్ళాను. త్సురుయి ఊరు వైపు వెళ్ళే బస్సు, రోజుకి కొన్నే ఉంటాయి, తిరుగు బస్సు టైము ముందే రాసుకోవాలి. అక్కడ చిత్తడి నేల లోపలికి చెక్కబాట వేశారు. నేల మీద కాలు పెట్టకుండా రెండు మూడు కిలోమీటర్లు నడవచ్చు. మొదట చెట్లు, తర్వాత పొదలు, తర్వాత అవీ పోయి, నా తల కంటే ఎత్తుగా గడ్డి. సన్నటి కాడ, కత్తుల్లాంటి ఆకులు, చివర కుచ్చు. గాలి వచ్చింది. అంతా ఒక్కసారి ఒక వైపుకి వంగి సర్రుమంది. ఆ వాసన గుప్పున కొట్టింది.

కిక్కిస!

ఆ మాట నోటినుంచి పైకే వచ్చేసింది. మా అమ్మ పుట్టింది కొల్లేటి లంకలో. తాతయ్య కిక్కిస కోసి తడికలు అల్లేవాడు, మా అమ్మమ్మ ఇంటి పైకప్పు ఆ గడ్డే. సెలవులకి పడవలో వెళ్తుంటే రెండు పక్కలా ఇదే గడ్డి, ఇదే చప్పుడు, ఇదే కంపు. జపాన్ వాళ్ళు దీన్ని యొషి అంటారు. పక్కనున్న బోర్డు మీద లాటిన్ పేరు చూస్తే ఫ్రాగ్మిటిస్. కొల్లేటి కిక్కిస కూడా ఫ్రాగ్మిటిసే, చుట్టాలన్నమాట. అక్కడే నిలబడి అమ్మకి వీడియో కాల్ చేశాను. సిగ్నల్ అంతంత మాత్రం.

"ఏరా, మనూరెప్పుడొచ్చావు?" అంది అమ్మ.

"మనూరు కాదమ్మా, జపానే."

"మరి ఆ కిక్కిస ఏంటి?"

అంతలో కాల్ కట్టయింది.

ఆ బాట మీద ఇంకో రెండు వింతలు చూశాను. ఒకటి యచిబొజు. యచి అంటే చిత్తడి, బొజు అంటే గుండు చేయించుకున్న సన్యాసి. గడ్డి దుబ్బు కింద నేల చలికాలం గడ్డకట్టి పైకి ఉబ్బుతుంది, వసంతంలో మంచు కరిగిన నీళ్ళు ఆ దుబ్బు చుట్టూ మట్టిని కోసుకుపోతాయి. ఏళ్ళ తరబడి అలా జరిగితే, మోకాలెత్తు మట్టి మెడ మీద జుట్టు విరబోసుకున్న తలలాగా నిలబడుతుంది. మంచులో అలాంటివి వందలు చూస్తే నిజంగానే ఎవరో కూర్చున్నట్టుంటుంది. రెండోది యచిమనకొ, అంటే చిత్తడి కన్ను. పైకి గడ్డి, గుండ్రంగా చిన్న నీటి మడుగు, కింద మనిషి మునిగేంత లోతు. మన భాషలో ఊబి. గుర్రాలు, ఆవులు పడి మళ్ళీ పైకి రాని కథలు ఇక్కడ ఉన్నాయి. అమ్మమ్మ మమ్మల్ని లంక చివరికి వెళ్ళనిచ్చేది కాదు, అదే కారణంతో.

ఈ నేల మిగలడానికి ఒక కారణం, చాలాకాలం దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం. ఊబి, చలి, మంచు, పంట పండదు. మన దగ్గర శ్రీకాకుళం వైపు సోంపేట బీలని, అదీ చిత్తడి నేలే, కాగితాల్లో బంజరు అని రాసినట్టే, ఇక్కడా పనికిరాని భూమి అనే పేరు. తర్వాత అంచుల నుంచి మొదలుపెట్టారు. పచ్చిక బయళ్ళ కోసం నీళ్ళు తోడారు, మెలికల నదిని తిన్నటి కాలువ చేశారు. దాంతో వరదల్లో ఒండ్రు సరాసరి లోపలికి వచ్చి పడి, గడ్డి ఉండాల్సిన చోట చెట్లు లేచాయి. అప్పటికి కొందరు ఊరివాళ్ళు, శాస్త్రవేత్తలు పట్టుబట్టారు. 1967లో కొంత భాగానికి రక్షణ వచ్చింది. 1980లో జపాన్ రామ్‌సర్ ఒప్పందంలో, అంటే చిత్తడి నేలల్ని కాపాడుకోవడానికి దేశాలు చేసుకున్న ఒప్పందంలో, చేరినప్పుడు ఆ దేశం తరపున మొట్టమొదట జాబితాకి ఎక్కింది ఈ నేలే. 1987లో నేషనల్ పార్క్. 1993లో రామ్‌సర్ దేశాల సమావేశం ఈ ఊళ్ళోనే జరిగింది. నాకు అన్నిటికంటే నచ్చింది కయనుమా దగ్గర చేసిన పని. తిన్నగా చేసిన నదిని 2010 నాటికి మళ్ళీ మెలికలు తిప్పారు. 1.6 కిలోమీటర్ల కాలువ తీసేసి, 2.4 కిలోమీటర్ల పాత వంపుల్లోకి నీళ్ళు మళ్ళించారు. నది దారి పొడుగు చెయ్యడానికి ఒక ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టింది! ఆ సంగతి చదివి చాలాసేపు కొల్లేరు గురించే ఆలోచించాను. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేయడం, ఆ తర్వాత మళ్ళీ గట్లు లేవడం. అక్కడ మనుషుల బతుకుంది, మా మేనమామల బతుకూ ఉంది, తప్పు ఒక్కరిది అనలేను. కానీ మా అమ్మ పడవ దిగిన చోట ఇప్పుడు చెరువు గట్టు మీద బైకులు పోతున్నాయి. అది చూసినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమంటుంది.

కుషిరోలో మాత్రం అంతా బాగుందని కాదు. రైల్లోంచి చూస్తే గడ్డి అంచున సోలార్ పలకలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. చవకగా దొరికే చదును నేల కదా. నేను వెళ్ళడానికి నెల ముందే, జూన్‌లో, ఇక పెద్ద సోలార్ ప్లాంట్లు వద్దని నగరం బహిరంగంగా ప్రకటించింది. ఒకామిసాన్ ఆ మాట ఎత్తగానే చేస్తున్న పని ఆపేసి, కరెంటు కావాలి, నాకూ తెలుసు, కానీ కొంగలు గూడు పెట్టుకునే చోటే కావాలా అంది.

కొంగలు అని రాశాను కానీ, అలా అంటే మనకి వేరే పక్షి కళ్ళ ముందుకొస్తుంది. ఇది సారస జాతి. పేరు తాంచొ. ఐదడుగుల ఎత్తు, తెల్లటి ఒళ్ళు, నల్లటి మెడ, నడినెత్తిన ఎర్రటి మచ్చ. ఆ ఎరుపు ఈక కాదు, చర్మం. రెక్కలు విప్పితే ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు ఎనిమిదడుగులు. పాత వెయ్యి యెన్‌ల నోటు వెనకాల ఉండేది ఈ పక్షుల జంటే. ఇక్కడి ఆదివాసులు ఐనులు దీన్ని సరొరున్ కముయ్ అంటారు, చిత్తడిలో ఉండే దేవుడు అని. వేటాడి వేటాడి, ఇక ఈ పక్షి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1924లో ఈ గడ్డిలోనే పది పన్నెండు మళ్ళీ కనిపించాయి. 1952లో లెక్కపెడితే 33. ఆ చలికాలాల్లో నీళ్ళన్నీ గడ్డకట్టి పక్షులు ఆకలితో పొలాల్లోకి వస్తే, ఇక్కడి రైతులు, బడి పిల్లలు మొక్కజొన్న గింజలు చల్లారు. నమ్మకం కుదిరి అవి తినడం మొదలుపెట్టాయి. ఈ ప్రాంతంలో అవి ఇప్పుడు 1,800 పైనే. ఒకేచోట గుమిగూడితే రోగాలు వస్తాయని ఇప్పుడు ప్రభుత్వం మేత కొంచెం కొంచెం తగ్గిస్తోంది.

చలికాలం వెళ్తే త్సురుయిలో వందల్లో కనిపిస్తాయి. వేసవిలో గూళ్ళు పెట్టుకుని గడ్డిలో దాక్కుంటాయి, కనిపించకపోవచ్చు అని ముందే చెప్పారు. ఎనిమిదో రోజు కారు అద్దెకి తీసుకుని ఆ ఊరి వైపు వెళ్ళాను. ఒక పశువుల దొడ్డి దాటాక, గడ్డి కోసిన పొలంలో రెండు తెల్లటి ఆకారాలు. కారు ఆపి, దిగకుండా, కిటికీ అద్దం దించాను. రెండింటి మధ్యలో గోధుమరంగు పిల్ల ఒకటి, కాళ్ళు పొడుగ్గా, నడక ఇంకా కుదరలేదు. పెద్దది గడ్డిలో ముక్కు పెట్టి ఏదో పట్టింది. వెంటనే మింగలేదు. ముక్కు చివర దాన్ని పట్టుకుని అలాగే వంగి నిలబడింది. పిల్ల వచ్చింది, ముక్కుతో అందుకోబోయి జారవిడిచింది. పెద్దది మళ్ళీ తీసి పట్టుకుంది. పిల్ల మళ్ళీ జారవిడిచింది. నాలుగోసారికి గొంతులోకి దిగింది. పిల్ల మెడలో ఆ ముద్ద కిందికి జారడం నాకు కనపడింది. అప్పుడు పెద్దవి రెండూ తలలు ఆకాశానికెత్తి అరిచాయి. మగది ఒక కూత కూస్తే ఆడది రెండు కూతలు కలుపుతుందని చదివాను, వింటే అది ఒకే గొంతులా ఉంది. కారు తలుపు రేకు ఆ కూతకి సన్నగా అదిరింది. ఇంజన్ ఆపి ఉంది, అది నా భ్రమ కాదు.

సాయంత్రాలు పని అయ్యాక నుసమాయ్ వంతెన మీదికి వెళ్ళేవాణ్ణి. నాలుగు ఋతువుల పేర్లతో నాలుగు కంచు బొమ్మలు ఉంటాయి ఆ వంతెన మీద, నలుగురు శిల్పులు చేసినవి. ఇక్కడి సూర్యాస్తమయం ప్రపంచంలో మూడు గొప్ప సూర్యాస్తమయాల్లో ఒకటని ఓడ సరంగులు అనేవారట, ఊరివాళ్ళు ఆ మాట చాలా ఇష్టంగా చెప్తారు. పన్నెండు సాయంత్రాల్లో నాకు మంచు తెరిపిచ్చింది రెండే రెండు సార్లు. రెండోసారి ఏడింటికి, నది నోరు నుంచి సముద్రం దాకా నీళ్ళు రాగి చెంబు తోమినట్టు మెరిశాయి. వంతెన మీద కెమెరాలతో ఉన్నవాళ్ళు కెమెరాలు కిందికి దించేసి చూశారు. మిగిలిన పది సాయంత్రాలు వీధి దీపాలు మంచులో పెద్ద పెద్ద నారింజ ఉండల్లా వేలాడేవి. నాకు అవే ఎక్కువ నచ్చాయి.

ఆఖరి రోజుకి ముందు రోజు మళ్ళీ ఒన్నెనాయ్ వెళ్ళాను. అమ్మ ఒక కాడ తెమ్మని అడిగింది, చేత్తో పట్టుకుని చూస్తానని. నేషనల్ పార్కులో గడ్డి కొయ్యకూడదమ్మా అని చెప్పాను. చెక్కబాట చివర కూర్చుని ఫోన్ రికార్డర్ పెట్టి, ఆ గడ్డి చప్పుడు పది నిమిషాలు కదలకుండా రికార్డు చేశాను. టోక్యోకి తిరిగొచ్చాక అమ్మకి పంపి ఫోన్ చేశాను. ఆవిడ స్పీకర్ పెట్టుకుని వింటోంది, నేను ఇటు నుంచి వింటున్నాను. వెనకాల మా వీధిలో కూరగాయల బండి అరుపు, దాని మీద కుషిరో కిక్కిస.

ఆరు నిమిషాలు దాటాక అమ్మ "ఆగాగు" అంది. "ఇక్కడ గాలి తిరిగింది చూడు. ఆకు అడుగు వైపు మోగుతోంది. వానొస్తుంది రా అక్కడ."

ఆ రోజు నేను రికార్డింగ్ ఆపి బస్‌స్టాపు దాకా వచ్చేసరికి తడిసి ముద్దయ్యాను. ఆ సంగతి అమ్మకి నేను చెప్పలేదు.